మాధవాయపాలెం గుడ్డ, జేన్ ఆస్టిన్ కాలపు గౌను

ఇంగ్లండు చరిత్రలో "రీజెన్సీ" అంటే నిజానికి తొమ్మిదేళ్ళే. మూడో జార్జి రాజుగారికి మతి స్థిమితం తప్పడంతో 1811 ఫిబ్రవరిలో ఆయన పెద్దకొడుకు రాజప్రతినిధి అయ్యాడు. 1820 జనవరిలో ముసలి రాజుగారు పోగానే కొడుకే రాజయ్యాడు, రీజెన్సీ అయిపోయింది. కాని బట్టల సంగతి మాట్లాడుకునేవాళ్ళు ఈ గీత దగ్గర ఆగరు. ఆడవాళ్ళ గౌను నడుము రొమ్ము కిందికి ఎగబాకిన 1790ల మధ్య నుంచి, అది మళ్ళీ మెల్లగా కిందికి దిగడం మొదలుపెట్టిన 1820 దాకా అంతా రీజెన్సీయే అంటారు. జేన్ ఆస్టిన్ రాసిన ఆరు నవలలూ ఈ కాలంలోవే. 1775లో పుట్టి 1817లో పోయిన ఆవిడ పేరు చెప్పుకుని, ఆ కాలపు బట్టలు స్వయంగా కుట్టుకుని, తొడుక్కుని, నాట్యాలూ నడకలూ విందులూ చేసుకునేవాళ్ళు ఈనాడు అమెరికాలోనూ ఇంగ్లండులోనూ వేలమంది ఉన్నారు. వాళ్ళలో నేనొకదాన్ని.

మనవాళ్ళకి ఈ మాట చెబితే ముందు నవ్వుతారు. నవ్వండి, తప్పులేదు. కాని ఒక్కసారి మన మహాసభల్ని తల్చుకోండి. మామూలు రోజుల్లో జీన్సు ప్యాంటులో ఆఫీసుకి వెళ్ళే ఆడవాళ్ళం మూడు రోజులపాటు కంచిపట్టు, వడ్డాణం, జడగంటలతో తిరుగుతాం. సాఫ్టువేరు ఇంజనీరు శ్రీకృష్ణదేవరాయలై కిరీటం పెట్టుకుని వేదికెక్కుతాడు. భువనవిజయం వేసే జాతి మనది! ఒక కాలాన్ని ఒంటి మీదకి తెచ్చుకోవడంలో ఉన్న సరదా మనకి ఒకరు చెప్పాలా?

ఇక్కడ జేన్ ఆస్టిన్ సొసైటీ ఆఫ్ నార్త్ అమెరికా అని 1979లో పుట్టిన సంస్థ ఒకటుంది. ఏటా ఒక ఊళ్ళో సభ పెడుతుంది. ఉపన్యాసాలు, పుస్తకాల అంగళ్ళు, ఒక రాత్రి ఆ కాలపు బాల్ నాట్యం. మన సభల లాగే రిజిస్ట్రేషన్ల తొందర, హోటలు గదుల కొరత అన్నీ ఉంటాయి. ఇంగ్లండులో బాత్ నగరంలో 2001 నుంచి సెప్టెంబరు నెలలో ఉత్సవం జరుగుతోంది. అందులో అందరూ రీజెన్సీ దుస్తుల్లో ఊరి వీధుల వెంట ఊరేగింపుగా నడుస్తారు. 2014లో 550 మంది అలా నడిచి గిన్నిస్ రికార్డు పెట్టారు. ఆస్టిన్ స్వయంగా కొన్నేళ్ళు కాపురమున్న ఊరది. ఆవిడ నాయికలు అడుగుపెట్టిన అసెంబ్లీ రూమ్స్ అనే భవనం 1771 నుంచి అక్కడే ఉంది.

ఇక గౌను సంగతి. అంతకు ముందు వందేళ్ళూ యూరపు దొరసానులు బరువైన పట్టు, నడుముకి రెండువైపులా గంపల్లాంటి కట్టుళ్ళు, బిగువైన బాడీ వేసుకునేవారు. 1783లో ఫ్రాన్సు రాణి మేరీ ఆంటోనెట్ సన్నని తెల్ల మస్లిన్ గౌనులో బొమ్మ గీయించుకుని పారిస్ ప్రదర్శనలో పెట్టిస్తే పెద్ద గొడవైంది. రాణి లోపలి బట్టలతో కూర్చుందేమిటని జనం గోలపెడితే ఆ బొమ్మ తీసేశారు. పదేళ్ళు తిరిగేసరికి రాణి పోయింది, రాజ్యం పోయింది, ఆ గౌను మాత్రం గెలిచింది. గ్రీకు, రోము పాలరాతి బొమ్మల మోజులో అందరూ తెల్ల మస్లిన్‌లోకి దిగారు. మన అమ్మమ్మలు తెల్లచీర కట్టుకుంటే దానికి అర్థం వేరు. అక్కడ తెలుపు అంటే పడుచుదనం, పైగా డబ్బు. చాకలివాడి ఖర్చు భరించగలవాళ్ళే తెల్లబట్ట కట్టేది. ప్రైడ్ అండ్ ప్రెజుడిస్‌లో ఎలిజబెత్ పొలాల గట్ల వెంట నడిచి, లోపావడాకి ఆరంగుళాల బురద అంటించుకుని వస్తే ఆ గొప్పింటి అక్కచెల్లెళ్ళు ఎందుకంత విస్తుపోయారో, తెల్లబట్ట ఒకసారి ఉతికి చూస్తే తెలుస్తుంది.

ఈ గౌను చూడ్డానికి నైటీలా తేలిగ్గా కనబడుతుంది. కుట్టడానికి కూర్చుంటే అప్పుడు తెలుస్తుంది. లోపల మోకాళ్ళు దాటే నార చొక్కా ఒకటి. దాని మీద "స్టేస్". సినిమాల్లో పనిమనిషి మోకాలు వీపుకి ఆన్చి తాళ్ళు లాగుతుంటే కథానాయిక మూలుగుతుంది చూడండి, అది ఈ కాలానిది కాదు. నడుము గీతే రొమ్ము కిందికి వచ్చినప్పుడు అసలు నడుము ఎంత సన్నగా ఉంటే ఎవరిక్కావాలి? రీజెన్సీ స్టేస్ చేసే పనల్లా రొమ్ముని పైకెత్తి నిలపడం, వీపు నిటారుగా ఉంచడం. ముందు భాగంలో నిలువుగా ఒక చెక్కబద్ద ఉంటుంది. అది పెట్టుకుని రెండు గంటలు కుర్చీలో కూర్చుంటే మీ బామ్మ "వంగి కూర్చోకే" అని చెప్పక్కర్లేదు. దాని మీద లోపావడా. నడుం లేని గౌనుకి లోపావడా దేనికి వేలాడుతుంది? భుజాల మీంచి పట్టీలతో వేలాడాలి. మన ఆడపిల్లలకి చిన్నప్పుడు వేసే బాడీ లంగా గుర్తుందా, అచ్చం అదే. మా గుంపులో అమెరికన్ స్నేహితురాళ్ళు ఆ పావడా కత్తిరింపుకి తల బద్దలు కొట్టుకుంటుంటే నేను మా పాలకొల్లు టైలరు పద్ధతిలో అరగంటలో గీసిచ్చాను.

గౌనులో అసలు విద్యంతా వీపులో ఉంది. మనం కుట్టుకునే జాకెట్టుకి భుజం కుట్టు భుజం మీదే ఉంటుంది. రీజెన్సీ గౌనుకి ఆ కుట్టు వీపు మీదకి జారి ఉంటుంది. వీపు మధ్య ముక్క అరచేతి వెడల్పులో సన్నగా ఉండి, చేతుల కుట్లు రెండూ దాదాపు రెక్క ఎముకల దాకా వస్తాయి. అందువల్ల చేతులు కొంచెం వెనక్కి లాగినట్టుండి, ఛాతీ తెరుచుకుని, మెడ పొడుగ్గా కనిపిస్తుంది. వంటగదిలో పైఅరలోంచి డబ్బా దించడం ఈ గౌనులో కుదరదు. ఆ పని ఇంకొకరు చేస్తారనే లెక్కతోనే కత్తిరించారు మరి. ముందువైపు గుండీలుండవు. పావడా ముందు పలక ఒకటి తలుపులా తెరుచుకుంటుంది. లోపలి రెండు పొరలూ రొమ్ము మీద గుండుసూదులతో కలుపుకుని, పలకని పైకెత్తి, బొందు నడుం చుట్టూ తిప్పి కట్టి, పైకొసల్ని భుజాల దగ్గర సూదులతో గుచ్చాలి. చీర పిన్నులు పెట్టుకునే చేతులకి ఇదేమంత కష్టం కాదు.

ఇంత సన్నటి గౌనులో జేబులకి చోటు లేదు. అంతకు ముందు పావడా కింద నడుముకి సంచుల్లా కట్టుకునే జేబులు ఇప్పుడు ఉబ్బెత్తుగా కనబడతాయి కనుక చేతికి వేలాడే చిన్న సంచీ వచ్చింది. దాని పేరు రెటిక్యూల్. ఈనాటి హ్యాండుబ్యాగుకి అదే ముత్తవ్వ. చలికి రొమ్ము దాకా ఉండే పొట్టి కోటు స్పెన్సర్, పాదాల దాకా ఉండే కోటు పెలీస్, వాటితో పాటు కాశ్మీరు శాలువ. మగవాళ్ళ సంగతి ఒక్కమాటలో చెబుతాను: బాగా కుదిరిన ముదురురంగు కోటు, మెడకి గంజిపెట్టిన తెల్ల మస్లిన్ గుడ్డ. ఆ గుడ్డ కట్టడంలో బో బ్రమ్మెల్ అనేవాడు గంటలు గడిపేవాడట. మావారు మాత్రం అయిదు నిమిషాల్లో కట్టేసి "ఇది మన కండువాయే కదా" అంటారు.

కుట్టుమిషను అప్పటికి లేదు. ఎలియాస్ హో పేటెంటు 1846లో వచ్చింది, సింగర్ మిషను 1851లో. కనుక మాలో పట్టుదల గలవాళ్ళు మొత్తం చేత్తోనే కుడతారు. నేను లోపల కనబడని పొడుగు కుట్లకి మిషను వాడతాను, కనబడే చోట సూదే. మస్లిన్‌ని మిషను పళ్ళు నమిలేస్తాయి, చేతి రన్నింగ్ కుట్టు దానికి హాయి. నమూనాల కోసం ఊహల మీద ఆధారపడనక్కర్లేదు. జానెట్ ఆర్నాల్డ్ అనే ఇంగ్లీషావిడ మ్యూజియముల్లో పాత గౌనుల్ని అంగుళం అంగుళం కొలిచి గీసిన పుస్తకం 1964లో వచ్చింది. ఇప్పటికీ మాకు అదే పెద్దబాలశిక్ష. ఆస్టిన్‌దే అని చెప్పే గోధుమరంగు పట్టు పెలీస్ ఒకటి ఇంగ్లండులో హాంప్‌షైర్‌లో భద్రంగా ఉంది. దాని కొలతల్ని బట్టి ఆవిడ సన్నగా, పొడుగ్గా ఉండేదని తేలింది. నవలలు చదివి నేను ఊహించుకున్నది పొట్టిగా, గుండ్రంగా ఉండే మనిషిని.

ఇంతకీ ఆ మస్లిన్ ఎక్కడిది? నార్తాంగర్ అబ్బే నవలలో హెన్రీ టిల్నీ అనే యువకుడు బట్టల ధరలు చెబుతుంటే పెద్దావిడ ఆశ్చర్యపోతుంది. ఆవిడ తన గౌను గజం తొమ్మిది షిల్లింగులని చెబితే, తానూ సరిగ్గా అంతే అనుకునేవాణ్ణంటాడు. తన చెల్లెలికి అసలైన ఇండియా మస్లిన్ గజం అయిదు షిల్లింగులకే తెచ్చానని గొప్పలు పోతాడు. తొమ్మిది షిల్లింగుల లెక్కన ఆరు గజాలకి 2 పౌండ్ల 14 షిల్లింగులవుతుంది. అప్పటి ఇంటి పనిమనిషికి అది కొన్ని నెలల జీతం. ఇక మాన్స్‌ఫీల్డ్ పార్క్‌లో లేడీ బెర్ట్రమ్ మేనల్లుడు ఓడెక్కి ఇండియా వైపు వెళితే తనకి శాలువ వస్తుందని ఆశపడుతుంది, ఒకటి కాదు రెండు తెమ్మంటుంది. మనం ఇండియా వెళ్ళేవాళ్ళకి ఇచ్చే జాబితాలు అప్పుడూ ఉన్నాయన్నమాట!

మస్లిన్ అనగానే ఢాకా అంటారు. నిజమే, అత్యంత సన్ననిది అక్కడిదే. కాని ఆ ఓడల్లో మన తీరపు బట్ట కూడా తక్కువేమీ లేదు. మా పాలకొల్లుకి దగ్గర్లో, నర్సాపురం పక్కన మాధవాయపాలెం అనే ఊరుంది. 17వ శతాబ్దంలోనే ఇంగ్లీషు కంపెనీవాళ్ళు అక్కడ గిడ్డంగి పెట్టి, చుట్టుపక్కల నేసిన తెల్లబట్టని ఓడలకెత్తారు. వాళ్ళ నోట ఆ ఊరు "మడపొల్లం" అయింది, ఆ బట్టకీ అదే పేరు పడింది. ఈనాటికీ యూరపు బట్టల దుకాణాల్లో మెత్తని నూలుగుడ్డని "మడపొలం" అంటారు. అది ఒక ఊరి పేరనీ, ఆ ఊరు గోదావరి ఒడ్డున ఉందనీ అమ్మేవాళ్ళలో చాలామందికి తెలియదు. మా కుట్టు గుంపులో ఒకావిడ తన స్టేస్‌కి లోపలి పొరగా ఈ గుడ్డ వాడిందని చెప్పినప్పుడు నేను మ్యాపు తీసి ఊరు చూపించాను.

ఇంకో మాట పుంజం. నేతలో నూట ఇరవై పోగుల లెక్క అది. పడుగులో ఎన్ని పుంజాలుంటే బట్ట అంత చిక్కన, అంత ఖరీదు. పద్నాలుగు పుంజాల గుడ్డ అంటే 1,680 పోగులు. కంపెనీ దస్తావేజుల్లో ఈ తెలుగు మాట ఇంగ్లీషు అక్షరాల్లో "పంజమ్" అని కనబడుతుంది. మచిలీపట్నంలో 1611లో దిగిన కంపెనీ, 1760ల్లో ఉత్తర సర్కారులు చేజిక్కించుకున్నాక బేరగాడి అవతారం వదిలేసింది. బయానా ఇచ్చి, నేతగాణ్ణి ఇంకెవరికీ అమ్మకుండా కట్టేసి, బంట్రోతుల్ని మగ్గం దగ్గర కాపలా పెట్టి, తెచ్చిన బట్టని నాసిరకమని తక్కువ ధర కట్టేది. 1798లో గోదావరి ప్రాంతపు నేతవాళ్ళు ఈ షరతుల మీద తిరగబడ్డారు. అదే ఏడాది డిసెంబరులో ఇంగ్లండులో జేన్ ఆస్టిన్ అక్కకి ఉత్తరం రాస్తూ, కొత్త గౌను విషయం ఎటూ తేల్చుకోలేకపోతున్నాననీ ఇలాంటివి కుట్టి సిద్ధంగా అమ్మితే బాగుండుననీ విసుక్కుంది. ఆవిడకి వీళ్ళ సంగతి తెలియదు, వీళ్ళకి ఆవిడ సంగతి తెలియదు.

అప్పటికే లెక్క మారిపోతోంది. క్రాంప్టన్ కనిపెట్టిన "మ్యూల్" అనే వడుకు యంత్రం 1779లో వచ్చాక ఇంగ్లండులోనూ స్కాట్లండులోనూ సన్న నూలు తయారైంది. ఆ యంత్రాలకి పత్తి వెస్టిండీస్ నుంచీ అమెరికా దక్షిణాది నుంచీ వెళ్ళేది. పండించింది బానిసలు. మనం ఈ రోజు కాపురముంటున్న జార్జియా, కరొలినా రాష్ట్రాల నేలే అది. కనుక ఆ తెల్ల గౌనులో ఒక్క మన నేతగాళ్ళ కథే లేదు. 1813లో ఇండియా తెల్ల కాలికోల మీద బ్రిటన్ వేసిన సుంకం దాదాపు 85 శాతం, మస్లిన్ మీద దాదాపు 44 శాతం. ఆ ఏడే పార్లమెంటు చట్టంతో ఇండియా వ్యాపారంలో కంపెనీ గుత్తాధిపత్యం పోయి లాంకషైర్ బట్టకి మన రేవులు బార్లా తెరుచుకున్నాయి. ఆ ఏడు జనవరిలోనే ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ అచ్చయింది.

మన కలంకారీ సంగతి అంతకు ముందే ముగిసింది. అద్దకం బట్టల మోజు చూసి ఇంగ్లండులోని ఉన్ని, పట్టు పనివాళ్ళు అల్లర్లు చేస్తే 1700లో ఒకటి, 1721లో ఒకటి చట్టాలు తెచ్చి ఆపారు. 1774లో నిషేధం సడలించేనాటికి అద్దకం వాళ్ళే నేర్చుకున్నారు. రీజెన్సీ ఆడవాళ్ళు వేసుకున్న పువ్వుల గౌనుల్లో ఎక్కువభాగం ఇంగ్లండులో అచ్చేసినవే. అయినా నేను వేసవి పిక్నిక్కులకి పెడన అద్దకంతో ఒక గౌను కుట్టాను. కాపీకి అసలు బట్ట వాడకూడదని ఏ నియమమూ లేదు కదా.

మా పెదనాన్నగారు ఫోటోలు చూసి ఫోనులో అడిగారు: "మన సాలెవాళ్ళ పొట్టకొట్టిన వాళ్ళ వేషం నీకెందుకమ్మా?" ఆయన స్వాతంత్ర్య పోరాటం నాటి ఇంట్లో పుట్టినవారు, వాళ్ళ నాన్నగారు ఖద్దరు తప్ప కట్టలేదు. ఆ ప్రశ్నకి నేను గబుక్కున జవాబు చెప్పలేదు, ఇప్పటికీ పూర్తి జవాబు ఉందనుకోను. "ఆ బట్ట మనదే పెదనాన్నా" అన్నాను. "బట్ట మనదే, వేషం వాళ్ళది" అన్నారు. నా వాదన ఇది: ఆ గౌను తొడుక్కుని నిలబడితే జనం అడుగుతారు. అడిగినప్పుడు మాధవాయపాలెం పేరు చెబుతాను, పుంజం అంటే ఏమిటో చెబుతాను, సుంకాల లెక్క చెబుతాను. అదే మాటలు పట్టుచీరలో వేదికెక్కి ఉపన్యాసంగా చెబితే ముందు వరుసలో కూర్చున్న నలుగురు వింటారు. నాట్యం మధ్యలో నిమ్మరసం తాగుతూ చెబితే అందరూ వింటారు. పెదనాన్నగారు ఒప్పుకున్నారని చెప్పను. మళ్ళీ ఫోను చేసినప్పుడు మాత్రం "ఆ నర్సాపురం సంగతి ఏ పుస్తకంలో ఉంది?" అని అడిగారు.

ఈ సభల్లో నాకు తరచు ఎదురయ్యే ఇంకో ప్రశ్న, మర్యాదగానే అడుగుతారు, "ఆ రోజుల్లో ఇండియా ఆవిడ ఇంగ్లండులో ఏమై ఉండేది?" ఆయా అనే సమాధానం వాళ్ళ మనసులో ఉంటుంది. ఆయాలు ఉన్న మాట నిజమే. కాని లండన్‌లో 1810లో హిందుస్తానీ కాఫీ హౌస్ తెరిచిన షేక్ దీన్ మహమ్మద్ కూడా ఉన్నాడు. నేను చెప్పేది మాత్రం మన హైదరాబాదు పిల్ల కథ. కోఠీ ఉమెన్స్ కాలేజీ భవనం తెలియని తెలుగువాళ్ళు ఉండరు. అది కట్టించిన బ్రిటిషు రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ ఖైరున్నీసా బేగంని పెళ్ళాడాడు. వాళ్ళకి కొడుకు, కూతురు. 1805లో పిల్లలిద్దర్నీ మద్రాసు రేవులో ఓడెక్కించారు. వెళ్ళేముందు చినరీ అనే చిత్రకారుడు గీసిన బొమ్మలో ఇద్దరూ హైదరాబాదీ దుస్తుల్లో మెరిసిపోతుంటారు. పాపకి అప్పుడు మూడేళ్ళు. ఆ ఏడాదే తండ్రి పోయాడు. నూరున్నీసా అన్న పేరు పోయి కిట్టీ కిర్క్‌పాట్రిక్ అయింది. తల్లి మళ్ళీ కూతుర్ని చూడకుండానే 1813లో కన్నుమూసింది. కిట్టీ ఇంగ్లండులో పెరిగి, రచయిత కార్లైల్ మనసు దోచి, 1889 దాకా బతికింది. అంటే రీజెన్సీ కాలమంతా ఆ పిల్ల తెల్ల మస్లిన్ గౌనుల్లోనే పెరిగి ఉంటుంది. ఈ కథ చెప్పాక ఆ ప్రశ్న అడిగినవాళ్ళు కాసేపు ఏమీ మాట్లాడరు.

2020లో బ్రిడ్జర్టన్ సీరియల్ వచ్చాక, అందులోనూ 2022లో రెండో భాగంలో శర్మ అక్కచెల్లెళ్ళు కనబడ్డాక, మన పిల్లలు కూడా ఈ బాల్‌లకి రావడం చూస్తున్నాను. చరిత్ర పరంగా ఆ సీరియల్‌కి నేను మార్కులు తక్కువే వేస్తాను. రంగులు ఆ కాలానివి కావు, బిగింపు కార్సెట్లు అసలే కావు. కాని జుట్టుకి నూనె రాసే అక్కని ఆ గౌనులో చూసి మా అమ్మాయి స్నేహితురాలు "ఆంటీ, నాకొకటి కుట్టి పెడతారా" అని వచ్చింది. సూది పట్టడం నేర్పితేగాని కుట్టనన్నాను. నేర్చుకుంది.

చివరగా, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు అడిగే సంగతి ఒకటి: చీర కత్తిరించవచ్చా? ఇక్కడ పాత చీరల్ని గౌనులుగా మార్చడం చాలామంది చేస్తారు. అయిదున్నర మీటర్ల చీరలో గౌను చక్కగా వస్తుంది, అంచు పావడా అడుగున సరిగ్గా కూర్చుంటుంది. మా అత్తయ్యగారు మాత్రం, "కట్టిన చీర చింపితే చింపు, కట్టని చీర మీద కత్తెర పెట్టకు" అన్నారు. ఆ మాట మీదే నడుస్తున్నాను. కొత్తగా కుట్టాలంటే తాను గుడ్డ కొనుక్కోండి. మంగళగిరి నూలు పగటి గౌనుకి బాగుంటుంది, కాస్త బరువు కనుక కింద పావడా ఒకటి చాలు. సాయంత్రం గౌనుకి వెంకటగిరి. తెలుపు మీద తెల్లబుటా కావాలంటే ఉప్పాడ జాందానీ నూలులో అడగండి. ఆస్టిన్ కాలంలో బుటా మస్లిన్ అంటే పడిచచ్చేవారు. ప్రస్తుతం నా బల్ల మీద ఉన్నది పొందూరు ఖద్దరు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, చేత్తో వడికి, చేత్తో నేసింది. వీపు ముక్కలు కత్తిరించాను, చేతులు ఇంకా అతకాలి. దీన్ని ముందు పెదనాన్నగారికి ఫోటో పంపుతాను.